వదులు భుజం, జారే భుజం: చేతి పరీక్షలు ఎంతవరకు చెబుతాయి?

1991లో ఎమరీ, ముల్లాజీ అనే ఇద్దరు వైద్యులు భుజం బాధ ఏమీ లేని 75 మంది బడిపిల్లలను పరీక్షించి చూశారు. మొత్తం 150 భుజాలు. పాఠ్యపుస్తకాల్లో ‘అస్థిరత గుర్తులు’ అని రాసి ఉన్నవి మగపిల్లల భుజాల్లో 57 శాతానికి, ఆడపిల్లల భుజాల్లో 48 శాతానికి ఉన్నాయని తేలింది. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఎముక వెనక్కి తోస్తే కదలడం. ఆ పిల్లలకు జబ్బు లేదు. హాయిగా ఆడుకుంటున్న పిల్లలు. భుజం పరీక్ష గురించి రాసిన ఎన్నో లావుపాటి గ్రంథాలకన్నా ఈ చిన్న అధ్యయనమే విలువైనదని నా నమ్మకం. తక్కిన విషయమంతా దీని వెలుగులోనే చదవాలి.

గూడ జారుతోందని వచ్చిన మనిషిని పరీక్షిస్తున్నప్పుడు డాక్టరు చేతికి తగిలేది కదలిక. ఆ కదలిక ఎంతో కొంత ప్రతి భుజంలోనూ ఉంటుంది. దాన్ని వదులు అనాలి. పనిలో, ఆటలో, నిద్రలో ఎముక తన చోట నిలవలేక మనిషిని బాధపెట్టినప్పుడే అది అస్థిరత. ఈ రెండింటినీ కలిపేసినందువల్ల అక్కర్లేని ఆపరేషన్లు జరిగాయి, అవసరమైనవి ఆలస్యమయ్యాయి. గత నాలుగు దశాబ్దాల పరిశోధనను వరసగా చదువుతూ పోతే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది: ఎముక ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందన్నది బలహీనమైన సాక్ష్యం, ఆ కదలికలో రోగి తన బాధను తాను గుర్తుపట్టాడా అన్నది బలమైన సాక్ష్యం.

పరీక్షలు అర్థం కావాలంటే కీలు నిర్మాణం కొంత తెలియాలి. తుంటి కీలులో బంతి లోతైన గుంటలో దిగి కూర్చుంటుంది. భుజంలో గుంట పళ్లెమంత లోతే ఉంటుంది. చేయి అన్ని వైపులకూ తిరగడానికి మనం చెల్లించిన ధర అది. గుంట చుట్టూ లాబ్రమ్ అనే మెత్తని అంచు ఉంటుంది. గుంట లోతులో దాదాపు సగం దానివల్లే వస్తుందని 1989లో కొలిచి చెప్పారు. రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు బంతిని గుంటలోకి అదిమి పడతాయి. చేతిని తొంభై డిగ్రీలు పక్కకు ఎత్తి బయటికి తిప్పినప్పుడు ఎముక ముందుకు జారకుండా ఆపే ప్రధాన బంధం కింది గ్లెనోహ్యూమరల్ లిగమెంటు. చేయి పక్కన వేలాడుతున్నప్పుడు ఇదే లిగమెంటు వదులుగా ఉంటుంది. కాబట్టి చేతిని ఏ భంగిమలో ఉంచి పరీక్షిస్తున్నారో చూస్తే, ఏ బంధాన్ని పరీక్షిస్తున్నారో తెలిసిపోతుంది.

భుజం ముందుకు జారినప్పుడు లాబ్రమ్ ఎముక నుంచి ఊడిపోతుందని లండన్ శస్త్రవైద్యుడు బ్యాంకార్ట్ 1923లో, మళ్లీ 1938లో రాశాడు. జర్మనీలో పెర్తెస్ అంతకు ముందే, 1906లోనే ఆ సంగతి గమనించాడు. జారిన బంతి గుంట అంచుకు గుద్దుకుని వెనకవైపు సొట్ట పడుతుందని 1940లో హిల్, శాక్స్ అనే ఇద్దరు రేడియాలజిస్టులు వివరించారు. ఈ పేర్లన్నీ నేటికీ రిపోర్టుల్లో కనిపిస్తూనే ఉంటాయి.

భుజాన్ని ఎలా చూడాలన్న ప్రశ్న మాత్రం వీటన్నిటికన్నా పాతది. కీళ్ల గురించిన గ్రంథంలో హిపోక్రటీస్ చెప్పిన జాగ్రత్త ఇప్పటికీ పాతబడలేదు. దెబ్బతిన్న కీలును ఆ మనిషి సొంత బాగున్న కీలుతోనే పోల్చి చూడాలి తప్ప ఇంకొకరి కీలుతో కాదని, కొందరికి కీళ్లు పుట్టుకతోనే పైకి పొడుచుకు వచ్చినట్టు ఉంటాయని ఆయన హెచ్చరించాడు. రెండు భుజాలూ చూడకుండా ఒక్క భుజానికి తీర్పు చెప్పడం నేటికీ జరుగుతున్న పొరపాటే. మన మెడికల్ కాలేజీల్లో విద్యార్థులు కంఠస్థం చేసే డ్యూగాస్, హ్యామిల్టన్, కాలవే పరీక్షలు ఎముక ఇంకా జారి ఉన్న భుజానికి సంబంధించినవి. ఎముక తిరిగి కూర్చున్నాక, రెండు జారుళ్ల మధ్య మామూలుగా కనిపించే భుజంతో వచ్చిన మనిషి దగ్గర అవి ఏమీ చెప్పలేవు. ఈ సమీక్ష ఆ రెండో మనిషి గురించే.

అలాంటి మనిషి విషయంలో సగం పరీక్ష మాటల్లోనే పూర్తవుతుంది. మొదటిసారి ఎలా జారింది, అప్పుడు చేయి ఏ భంగిమలో ఉంది, తనంతట తానే కూర్చుందా, ఎవరైనా లాగి కూర్చోబెట్టారా, జారి ఉన్నప్పుడు తీసిన ఎక్స్‌రే ఉందా అని అడగాలి. మన ప్రాంతంలో ఇంకో ప్రశ్న కూడా అవసరం. పుత్తూరు కట్టు లాంటి సంప్రదాయ వైద్యానికో, ఊళ్లో ఎముకలు సరిచేసే పెద్దాయన దగ్గరికో ముందు వెళ్లారా? వెళ్లినవాళ్లను చిన్నబుచ్చేందుకు అడిగే ప్రశ్న కాదిది. అలాంటిచోట ఎముక కూర్చున్నా ఫోటో ఉండదు కాబట్టి ఏ వైపు జారిందో మాటల మీదే ఊహించాలి. కబడ్డీలో రైడర్ చెయ్యి వెనక్కి లాగబడినప్పుడు, క్రికెట్‌లో డైవ్ కొట్టినప్పుడు, వాలీబాల్‌లో స్మాష్ కొడుతున్నప్పుడు జారిందంటే అది ముందుకు జారిందనే ఎక్కువగా అనుకోవచ్చు. భుజం జారుళ్లలో నూటికి తొంభై అయిదు దాకా ముందుకు జారినవే.

వయసు అడగడం మర్యాద కోసం కాదు. స్కాట్లండ్‌లో రాబిన్సన్ బృందం మొదటిసారి భుజం జారిన 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు 252 మందిని ఏళ్ల తరబడి గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మొదటి రెండేళ్లలోనే సగానికి పైగా, 55.7 శాతం మందికి అస్థిరత మళ్లీ వచ్చింది. అయిదేళ్లకు అది 66.8 శాతానికి చేరింది. చిన్న వయసు మగపిల్లలకే ప్రమాదం ఎక్కువ. నలభై దాటినవాళ్ల లెక్క వేరు. వాళ్లకు మళ్లీ జారడం తక్కువ, రొటేటర్ కఫ్ చిరగడం ఎక్కువ. కాబట్టి యాభై ఏళ్ల మనిషి భుజం జారి కూర్చున్నాక రెండు మూడు వారాలైనా చేయి ఎత్తలేకపోతుంటే, జారే గుణం కోసం వెతికే ముందు కఫ్ బలం చూడాలి. చేయి లేవకపోవడాన్ని నరం దెబ్బ అనో, భయం అనో సరిపెట్టుకుంటే చిరిగిన కండరం కుదించుకుపోయి కుట్టడానికి పనికిరాని స్థితికి చేరుతుంది.

పూర్తిగా జారకుండా కొంచెం పక్కకు తొలగి మళ్లీ కూర్చునే భుజాలు ఇంకా తికమకపెడతాయి. బంతి విసిరిన క్షణంలో చేయి చచ్చుబడినట్టు అయిపోయిందని ఆటగాళ్లు చెబుతారు. రో, జారిన్స్ 1981లో ఈ స్థితిని వివరంగా రాశారు. వాళ్ల రోగుల్లో చాలామందికి తమ భుజం జారుతోందన్న సంగతే తెలియదు. ఇక్కడ రోగి ఇంటి మాటలు వింటే ఎంతో తెలుస్తుంది. బస్సులో పైనున్న కడ్డీ పట్టుకోవడానికి జంకుతున్నాడా, చొక్కా తొడిగేటప్పుడు ఏ చేతిని ముందు పెడుతున్నాడు, తల కింద చేయి పెట్టుకుని పడుకోగలడా, తీగ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఏమవుతోంది? ఈ జవాబులు ఎమ్మారైలో దొరకవు.

చొక్కా విప్పి చూసే దశలో తొందరపడేవాళ్లు ఎక్కువ. అక్కడ నిదానించాలి. డెల్టాయిడ్ కండరం రెండు వైపులా ఒకేలా ఉందా, వెనక నుంచి చూస్తే రెక్క ఎముక చేయి ఎత్తినప్పుడు, దించినప్పుడు పైకి లేస్తోందా అని గమనించాలి. భుజం బయటివైపు, పోలీసు చొక్కాకు బ్యాడ్జీ కుట్టేచోట స్పర్శ చూడాలి, అది ఆక్సిలరీ నరం చర్మానికి చేరేచోటు. స్పర్శ బాగున్నా సరే డెల్టాయిడ్ బిగుసుకుంటోందో లేదో వేరుగా తాకి చూడాలి. ఎందుకంటే చర్మానికి స్పర్శ ఉండి, కండరం పనిచేయకపోవడం సాధ్యమే. రాబిన్సన్ బృందమే 2012లో 3,633 భుజం జారుళ్లను పరిశీలించి, 13.5 శాతం మందికి నరాల దెబ్బ, మూడో వంతు మందికి కఫ్ చిరుగో, దాన్ని అంటిపెట్టుకున్న ఎముక విరుగో ఉన్నాయని లెక్క చెప్పింది. ఎముకను కూర్చోబెట్టే ముందు ఒకసారి, కూర్చోబెట్టాక ఒకసారి ఈ నరాన్ని చూసి రాసిపెట్టాల్సింది అందుకే.

ఇక అసలు పరీక్షల్లోకి వస్తే, అన్నిటికన్నా ఎక్కువ నమ్మదగినది అప్రిహెన్షన్ పరీక్ష. తెలుగులో బెదురు పరీక్ష అనుకోవచ్చు. రోగిని వెల్లకిలా పడుకోబెడతారు. చేతిని తొంభై డిగ్రీలు పక్కకు తీసి, మోచేయి మడిచి, ముంజేతిని మెల్లగా వెనక్కి, బయటివైపుకు తిప్పుతారు. కింది లిగమెంటు బిగియాల్సిన భంగిమ ఇదే. అది తెగి ఉంటే బంతి ముందు అంచు మీదికి ఎక్కడం మొదలవుతుంది. ఆ క్షణంలో రోగి ముఖం మారుతుంది, రెండో చేయి పరీక్షించే చేతిని ఆపడానికి లేస్తుంది, కండరాలు బిర్రబిగుస్తాయి. “సార్, చాలు, మళ్లీ జారేలా ఉంది” అంటాడు. పరీక్ష ఫలితం ఆ మాటే. చేసే వ్యక్తి కళ్లు భుజం మీద కాక ముఖం మీద ఉండాలి.

కేవలం నొప్పి అంటే మాత్రం ఫలితం మారిపోతుంది. దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి ఆధారాలున్నాయి. 2006లో ఫార్బర్, మెక్‌ఫార్లండ్ బృందం ఈ పరీక్షను రెండు రకాలుగా లెక్కగట్టింది. బెదురునే గుర్తుగా తీసుకుంటే, దెబ్బ తగిలి ముందుకు జారే భుజాలున్నవాళ్లలో 72 శాతం మందిని పరీక్ష పట్టింది, లేనివాళ్లలో 96 శాతం మందిని లేదని సరిగా వదిలేసింది. నొప్పిని గుర్తుగా తీసుకుంటే ఈ విలువ బాగా పడిపోయింది. కారణం కష్టమైనది కాదు. చేతిని అంత వెనక్కి తిప్పితే కఫ్ వాచినవాళ్లకూ, కీలు బిగిసిపోయినవాళ్లకూ, అరుగుదల ఉన్నవాళ్లకూ నొప్పి వస్తుంది. జారుతుందన్న భయం వాళ్లెవరికీ రాదు. అయినా చాలా ఆసుపత్రి కాగితాల్లో ‘అప్రిహెన్షన్ పాజిటివ్’ అని మాత్రమే రాస్తారు. బెదిరాడా, నొప్పన్నాడా అన్నది కాగితం మీద ఉండదు. ఒక్క పదం అదనంగా రాస్తే చాలు, తర్వాత చూసే డాక్టరుకు అది ఎంతో మేలు.

దీని వెంట నడిచే పరీక్షలు రెండు. బెదురు కనిపించిన భంగిమలోనే ఉంచి, అరచేత్తో బంతిని ముందునుంచి వెనక్కి అదిమితే బెదురు తగ్గుతుంది, చేయి ఇంకాస్త వెనక్కి తిరుగుతుంది. ఇది రిలొకేషన్. బేస్‌బాల్ ఆటగాడు టామీ జాన్ మోచేతికి 1974లో ఆపరేషన్ చేసి చరిత్రకెక్కిన లాస్ ఏంజెలిస్ వైద్యుడు ఫ్రాంక్ జోబ్ దీన్ని 1989లో ప్రచారంలోకి తెచ్చాడు. ఫార్బర్ లెక్కల్లో దీనికి 81, 92 శాతాలు వచ్చాయి. ఆ అదిమిన చేతిని ఉన్నట్టుండి తీసేస్తే బెదురు ఒక్కసారిగా తిరిగి వస్తుంది. దీన్ని రిలీజ్ అనీ, సర్ప్రైజ్ అనీ అంటారు. కెనడాలో లో, కర్క్‌లీ తదితరులు 2004లో ఈ మూడింటినీ పోల్చి, ఒంటరిగా చూస్తే సర్ప్రైజే ఎక్కువ కచ్చితమైనదన్నారు. అది లేనివాళ్లను దాదాపు 99 శాతం సరిగా వదిలేసింది, ఉన్నవాళ్లలో 64 శాతం మందినే పట్టింది. మూడింటిలోనూ బెదురు కనిపిస్తే అస్థిరత ఉండే అవకాశం నూటికి 93 పైమాటే. హెగెడస్ బృందం 2012లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు మాత్రం సర్ప్రైజ్ అంకెలు మారాయి. పట్టే శక్తి 82 దాకా పెరిగింది, సరిగా వదిలే శక్తి 86కి తగ్గింది. బెదురు పరీక్షకు 66, 95 వచ్చాయి.

అంకెలు బాగున్నాయని సర్ప్రైజ్ పరీక్షను అందరికీ చేయడం నాకు సమ్మతం కాదు. అది పేరుకు తగ్గట్టే రోగిని ఉలిక్కిపడేలా చేస్తుంది, నిజంగా అస్థిరంగా ఉన్న భుజాన్ని పరీక్ష బల్ల మీదే జార్చేయగలదు. మొదటి పరీక్షలోనే బెదురు స్పష్టంగా కనిపించిన కుర్రవాడిని ఇంకోసారి బెదరగొట్టి కొత్తగా తెలుసుకునేది ఏముంది? బెదురా, నొప్పా అని తేలని సందేహంలో, జాగ్రత్తగా, ముందే చెప్పి చేయాల్సిన పరీక్ష అది. ముందే చెబితే ఆశ్చర్యం పోతుందన్న వాదన ఉంది. రోగి నమ్మకం పోవడం అంతకన్నా పెద్ద నష్టం. విద్యార్థుల బృందం వరసగా ఒకే రోగి మీద ఈ పరీక్ష చేసి నేర్చుకోవడం అసలే తగదు.

చేయి నలభై అయిదు డిగ్రీలే ఎత్తి, అంతే బయటికి తిప్పినా బెదురు వస్తే అనుమానం ఇంకో వైపు తిరగాలి. ఆ భంగిమలో మామూలుగా ఎముకల ఆకారమే బంతిని నిలబెడుతుంది. అక్కడా జారేలా ఉందంటే గుంట అంచు ఎముకే అరిగిపోయి ఉండొచ్చు. బుష్‌నెల్, క్రైటన్, హెరింగ్ 2008లో దీన్ని ఎముక లోపం పట్టే పరీక్షగా ప్రతిపాదించారు. వాళ్లు చూసిన రోగులు 29 మందే, కాబట్టి అంకెలకు అంత బరువు ఇవ్వలేం. కానీ ప్రశ్న పెద్దది. గుంట, బంతి ఎముకలు బాగా నష్టపోయినప్పుడు కేవలం లాబ్రమ్‌ను కుట్టిన ఆపరేషన్లలో 67 శాతం విఫలమయ్యాయని, అంత నష్టం లేనప్పుడు 4 శాతమే విఫలమయ్యాయని బర్కార్ట్, డి బీర్ 2000లో చూపించారు. ఫ్రెంచి వైద్యుడు లటర్జే 1954లో మొదలుపెట్టిన, ఎముక ముక్కను తెచ్చి గుంట ముందు బిగించే ఆపరేషన్ మళ్లీ ప్రపంచమంతా పాకడానికి ఆ అధ్యయనం ఒక ముఖ్య కారణం. పరీక్ష బల్ల మీద నలభై అయిదు డిగ్రీల దగ్గర దొరికిన బెదురు సీటీ స్కాన్ రాయించాలన్న నిర్ణయానికి దారితీస్తే అది తన పని తాను చేసినట్టే.

కదలికను కొలిచే పరీక్షల దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం పలచబడుతుంది. లోడ్ అండ్ షిఫ్ట్‌లో ఒక చేత్తో రెక్క ఎముకను పట్టి, రెండో చేత్తో బంతిని గుంట మధ్యకు నొక్కి, ముందుకూ వెనక్కూ జరుపుతారు. అంచుదాకా ఎక్కితే ఒక గ్రేడు, అంచు దాటి తిరిగి వస్తే ఇంకో గ్రేడు, దాటి అక్కడే నిలిచిపోతే మూడో గ్రేడు. గెర్బర్, గాంజ్ 1984లో చెప్పిన డ్రాయర్ పరీక్ష కూడా ఇదే కోవలోది. చిక్కేమిటంటే గ్రేడ్లలో మనుషులకు ఏకాభిప్రాయం కుదరదు. 1999లో అమెరికాలో కాలేజీ క్రీడాకారుల మీద చేసిన ఒక అధ్యయనంలో ఇద్దరు పరీక్షకులు ఒకే గ్రేడు చెప్పడం సగం సార్లు కూడా జరగలేదు. అదే వ్యక్తి తర్వాత మళ్లీ చూసినా అంతే. కండలు తిరిగిన కుర్రవాడు మెలకువగా ఉండి బిగపడితే ఆ భుజం కదలదు, మత్తు ఇచ్చాక కదులుతుంది. కాబట్టి ఆపరేషన్ బల్ల మీద మత్తులో చూసిన కదలికకు, అంతకు ముందు రోగి చెప్పిన కథకు పొత్తు కుదరాలి. కదలిక ఒక్కటే చూసి కోత పెట్టకూడదు.

సల్కస్ గుర్తు ఇంకా ఎక్కువ అపార్థానికి గురైంది. చేతిని కిందికి లాగితే భుజం కొస కింద గుంట పడుతుంది. ఒక సెంటీమీటరు లోపు, రెండు సెంటీమీటర్ల లోపు, ఆపైన అని లెక్క. నీర్, ఫాస్టర్ 1980లో అన్ని వైపులా జారే భుజం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంతో ఇది అందరికీ తెలిసింది. ఈ గుర్తు రెండు వైపులా సమానంగా కనిపించి, లాగినప్పుడు రోగికి ఏ బాధా తెలియకపోతే అది వదులు మాత్రమే. ‘ఇదే, ఇలాగే అవుతుంది’ అని రోగి అంటే అప్పుడు దానికి అర్థం వస్తుంది. మెక్‌ఫార్లండ్ బృందం 2003లో చూపినట్టు, అన్ని వైపులా అస్థిరత అన్న రోగానికి ఏ నిర్వచనం ఎంచుకుంటే రోగుల సంఖ్య దాని ప్రకారం పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక రోగం సంఖ్య నిర్వచనంతో ఊగిసలాడుతుంటే దాని మీద ఆధారపడిన ఆపరేషన్ ఫలితాలను పోల్చడం ఎలా?

ఒళ్లంతా వదులుగా ఉందా అన్నది చూడటానికి 1973లో బైటన్, తన సహచరులతో కలిసి పెట్టిన తొమ్మిది మార్కుల లెక్క ఉంది. చిటికెన వేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు, నేలకు అరచేతులు ఆనడం, ఇంతే. రెండు నిమిషాల పని. దానితోపాటు చేయి పక్కన ఉంచి బయటికి తిప్పితే 85 డిగ్రీలు దాటుతుందా అనీ చూడాలి. దాటితే భుజం స్వభావరీత్యా వదులని అర్థం. బాల్గ్, బ్వాలో 2007లో రూపొందించిన పది మార్కుల పట్టికలో ఈ వదులుకు ఒక మార్కు, ఇరవై ఏళ్ల లోపు వయసుకు రెండు, పోటీ స్థాయి ఆటకు రెండు. చేతి పరీక్ష, మాటలు, మామూలు ఎక్స్‌రే కలిపి ఒక నిర్ణయానికి ఎలా వాడాలో అది చూపింది. ఆ పట్టిక మీద తర్వాత విమర్శలు వచ్చినా, పల్లెటూరి ఆసుపత్రిలో కూడా చేయగలిగినది కావడం దాని గొప్పతనం. ఫ్రాన్స్‌లో గాజే 2001లో చెప్పిన ఇంకో పరీక్ష ఉంది. రెక్క ఎముకను పైనుంచి అదిమి పట్టి చేతిని పక్కకు ఎత్తితే మామూలుగా తొంభై డిగ్రీల దగ్గర ఆగుతుంది. 105 దాటితే కింది లిగమెంటు సాగిందన్నమాట.

వెనక్కి జారే భుజం తక్కువమందికి వస్తుంది, అందుకే ఎక్కువగా తప్పిపోతుంది. ఫిట్స్ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు భుజాన్ని లోపలికి తిప్పే బలమైన కండరాలు ఒక్కసారిగా బిగిసి ఎముకను వెనక్కి తోసేస్తాయి. పొలాల్లో మోటారు స్టార్టర్ల దగ్గర షాక్ తగిలే తెలుగు జిల్లాల్లో దీన్ని దృష్టిలో పెట్టుకోవాలి. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో కీలు బాగున్నట్టే అనిపిస్తుంది. రోగి చేయి కడుపుకు ఆనించుకుని ఉంటాడు, ఎంత ప్రయత్నించినా ముంజేయి బయటికి తిరగదు. వారాల తరువాత వస్తే కీలు బిగిసిందనుకుని వ్యాయామాలు రాయడం జరుగుతోంది. షాక్ కొట్టిన తర్వాత చేయి బయటికి తిరగకపోతే పక్కనుంచి తీసే ఎక్స్‌రే గానీ, సీటీ గానీ తీయకుండా పంపకూడదు. ఈ వ్యాసంలో ప్రాణం పెట్టి చెప్పదలచుకున్న వాక్యం ఏదైనా ఉంటే ఇదే. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, మోచేయి మడిచి ముంజేతిని బయటికి తిప్పి చూస్తే చాలు.

పూర్తిగా జారకుండా వెనక్కి తొలిగే భుజాలకు కొరియా వైద్యుడు సంగ్-హో కిమ్ చేసిన పని ముఖ్యమైనది. తొంభై డిగ్రీలు ఎత్తిన చేతిని మోచేతి వైపు నుంచి గుంటలోకి అదిమి, ఛాతీకి అడ్డంగా తెస్తే, ఎముక వెనక్కి జారి టక్కుమంటుంది. అది జెర్క్ పరీక్ష. చేతిని ఏటవాలుగా పైకి తీసుకెళ్తూ కిందికీ వెనక్కీ నొక్కినప్పుడు నొప్పి వస్తే అది కిమ్ పరీక్ష. 2005లో ఆయన ఇచ్చిన లెక్కల్లో కిమ్‌కు 80, 94 శాతాలు, జెర్క్‌కు 73, 98 శాతాలు వచ్చాయి. ముందువైపు పరీక్షల్లో నొప్పికి విలువ తక్కువ అని చెప్పుకున్నాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. జెర్క్‌లో నొప్పి లేకుండా టక్కుమంటే వ్యాయామాలతో బాగుపడే అవకాశం ఎక్కువ, నొప్పితో టక్కుమంటే లాబ్రమ్ చిరిగి ఉండి వ్యాయామాలు విఫలమయ్యే అవకాశం ఎక్కువ అని కిమ్ బృందమే 2004లో చూపింది.

లాబ్రమ్ పైభాగం చిరుగుల కోసం చెప్పిన డజన్ల పరీక్షల గురించి ఎక్కువ రాయడానికి లేదు. వాటిలో పేరున్న ఓబ్రయన్ పరీక్షకు 1998లో దాన్ని కనిపెట్టినవాళ్లు 100, 98.5 శాతాలు ప్రకటించారు. తర్వాత వేరేవాళ్లు చేసి చూస్తే ఆ అంకెలు నిలవలేదు. కనిపెట్టినవాళ్ల చేతిలో వెలిగిన పరీక్ష ఇతరుల చేతిలో మసకబారడం ఈ రంగంలో తరచూ కనిపిస్తుంది. కిమ్ అంకెలను కూడా ఆ జాగ్రత్తతోనే తీసుకోవాలి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఈ అధ్యయనాలు దాదాపు అన్నీ పెద్ద భుజం క్లినిక్కుల్లో, ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ల మీద జరిగాయి. అక్కడ ప్రతి రెండో మనిషికీ జబ్బు ఉండొచ్చు. మండల కేంద్రంలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వచ్చే భుజం నొప్పుల్లో అస్థిరత కొద్దిమందికే ఉంటుంది. అక్కడ అదే పరీక్ష అదే నమ్మకాన్ని ఇవ్వదు.

కొన్ని భుజాలు కండరాల తాళం తప్పడం వల్ల జారతాయి. లాబ్రమ్ బాగానే ఉంటుంది, ఎముక బాగానే ఉంటుంది, కానీ చేయి ఎత్తే క్రమంలో ఒక కండరం ముందు, ఇంకోటి ఆలస్యంగా పనిచేసి బంతిని పక్కకు లాగేస్తాయి. లండన్ స్టాన్‌మోర్ ఆసుపత్రి వైద్యులు 2004లో అస్థిరతను మూడు కొసల త్రిభుజంగా చూపి, ఒక కొసను ఈ కండరాల లోపానికి కేటాయించారు. ఒకే రోగి ఆ కొసల మధ్య కాలంతోపాటు జరుగుతూ ఉండొచ్చన్నది వాళ్ల ఆలోచనలో నాకు నచ్చిన భాగం. ఇలాంటి భుజాన్ని గుర్తించడానికి డాక్టరు తోయనక్కర్లేదు. రోగిని నిలబెట్టి, చొక్కా లేకుండా, మెల్లగా చేయి ఎత్తించి వెనకనుంచి చూడాలి. ఒకవేళ ఎముక జారితే, రెక్క ఎముకను చేత్తో సరిగా పట్టి మళ్లీ ఎత్తించాలి. అప్పుడు జారకపోతే వైద్యం వ్యాయామంలో ఉంది. పదిహేనేళ్ల అమ్మాయి స్నేహితుల ముందు భుజాన్ని జార్చి చూపిస్తుంటే దాన్ని వేషం అని కొట్టిపారేసిన రోజులున్నాయి. మొదట ఇష్టంతో చేసిన పని తర్వాత అలవాటై, ఆపుదామన్నా ఆగకుండా పోతుంది. ఆ పిల్లకు కావాల్సింది మందలింపు కాదు, కండరాలకు మళ్లీ పాఠం చెప్పే ఫిజియోథెరపిస్టు. ఆమె భుజానికి ఆపరేషన్ చేస్తే విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

ఎమ్మారై ఉండగా ఇంత చేతిపని ఎందుకని చదువుకున్న రోగులే అడుగుతున్నారు. స్కాన్ చిరుగును చూపిస్తుంది. ఆ చిరుగే బాధకు కారణమా అన్నది చూపించదు. బాధ ఏమీ లేని ఆటగాళ్ల భుజాల్లోనూ లాబ్రమ్ మార్పులు కనిపిస్తాయి. 2010లో కూన్ ప్రతిపాదించిన వర్గీకరణ అస్థిరతను నాలుగు ప్రశ్నలకు కుదించింది: ఎన్నిసార్లు, ఎందువల్ల, ఏ వైపు, ఎంత తీవ్రంగా. మొదటి రెండింటికీ, చివరిదానికీ జవాబులు రోగి మాటల్లో దొరుకుతాయి, మూడోది చేతి పరీక్షలో. ఆ నాలుగూ రాసిన కాగితం లేకుండా స్కాన్ సెంటరుకు పంపితే, వచ్చే రిపోర్టును దేనితో సరిచూడాలో ఎవరికీ తెలియదు.

ఆపరేషన్ తర్వాతా పరీక్ష ఆగదు. బాగా కుట్టిన భుజాల్లో కొన్నిటికి, మళ్లీ ఒక్కసారి కూడా జారకపోయినా, అదే భంగిమలో బెదురు మిగిలిపోతుంది. 2014లో జెనీవా పరిశోధకులు భుజం బెదురు ఉన్నవాళ్లకు ఆ భయాన్ని రేపే దృశ్యాలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. కదలికను, భయాన్ని నడిపే ప్రాంతాలు వాళ్లలో మామూలువాళ్లకన్నా వేరుగా పనిచేస్తున్నాయని గమనించారు. చేయి కదపనే లేదు, చూసినందుకే మెదడు స్పందించింది. అందువల్ల ఆపరేషన్ అయి నెలలు గడిచిన కబడ్డీ ఆటగాడిని తిరిగి మైదానానికి పంపేముందు బలం, తిరుగుడు కొలిస్తే సరిపోదు. బల్ల మీద పడుకోబెట్టి చేతిని మళ్లీ అదే భంగిమలోకి తీసుకెళ్లి, బెదురు ఇంకా ఉందేమో చూడాలి. ఉంటే అది కుట్టు వదులైనందువల్లనా, మెదడు ఇంకా మరచిపోనందువల్లనా అన్నది తేల్చాలి. మొదటిదానికి శస్త్రవైద్యుడు కావాలి, రెండోదానికి ఆ భంగిమను కొద్దికొద్దిగా మళ్లీ అలవాటు చేసే శిక్షణ కావాలి.